కొత్త రాకెట్ చప్పుడు

ఆ ఏడు ఎండాకాలం నగరి ఊళ్ళో కరెంటు కోతలు మరీ ఎక్కువయ్యాయి. తెల్లవారుజామున పోయిన కరెంటు పది దాటితే గానీ వచ్చేది కాదు. మరమగ్గాల షెడ్లన్నీ ఆ పూటంతా మూగగా పడి ఉండేవి. కూలికి నేసేవాళ్ళు అరుగుల మీద కునికిపాట్లు పడేవాళ్ళు. ధనుంజయకు మాత్రం ఊరికే కూర్చోవడం చేతకాలేదు. ఇంటి వెనక షెడ్డులో నాలుగు మగ్గాల మధ్యే అతని వయసంతా గడిచింది. కరెంటు లేనప్పుడు ఊడ్చిన నేలనే మళ్ళీ ఊడ్చేవాడు, నూనె వేసిన చోటే మళ్ళీ వేసేవాడు, భార్య చంద్రకాంతమ్మను ఉత్తపుణ్యానికి కసురుకునేవాడు.

సరిగ్గా అప్పుడే మునిరత్నం బదిలీ మీద ఊరికి వచ్చాడు. పోస్టాఫీసు ఉద్యోగంలో జిల్లా అంతా తిరిగి, తల సగం బట్టతల చేసుకుని, మందపాటి కళ్ళద్దాలతో దిగాడు. చదువుకునే రోజుల్లో వాళ్ళిద్దరూ షటిల్ డబుల్స్ జోడీ. హైస్కూలు మైదానంలో సున్నంతో గీతలు గీసుకుని ఆడి, ఒకసారి జిల్లా పోటీల్లో కప్పు కూడా తెచ్చారు. నాయన పోయి మగ్గాలు నెత్తిన పడ్డాక ధనుంజయ రాకెట్ అటకెక్కించాడు. అప్పటికి అతనికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు.

షెడ్డు గడప దగ్గర నిలబడి మునిరత్నం అన్నాడు. "పొద్దున కరెంటు లేదు, నీకు పని లేదు. పదింటిదాకా నాకు ఆఫీసు లేదు. క్లబ్బులో పైకప్పేసి కోర్టు కట్టినారంట. రా, పోదాం."

"నలబై దాటినాక ఎగిరితే మోకాళ్ళు నిలస్తాయా అబ్బా?"

"నిలవకపోతే ఇద్దరమూ ఒక పక్కన కూసుందాం. ఎవురేమంటారు?"

అటక మీద నుంచి దించి చూస్తే పాత రాకెట్ ఇనుప ఫ్రేము తుప్పు పట్టి ఉంది. గట్టింగ్ తీగలను ఎలుకలు కొరికేశాయి. ఆ ఆదివారం ఇద్దరూ బస్సెక్కి తిరుపతికి పోయారు.

గాంధీ రోడ్డులో ఏకాంబరం అని ఒకతను ఆటసామాన్ల అంగడి పెట్టుకుని ఉన్నాడు. ధనుంజయ ఇనుప రాకెట్ల కోసం చూస్తుంటే అతను నవ్వాడు. "ఇప్పుడవి ఎవురూ పట్టుకోరప్పా. ఇది సూడు, కార్బన్‌ది."

ధనుంజయ దాన్ని అందుకుని బిత్తరపోయాడు. నూలు చుట్టిన కండెకున్న బరువైనా లేదు. మణికట్టు తిప్పితే గాలి కోసుకుంటూ పోయింది. ఎన్నో ఏళ్ళుగా తెగిన పోగులు ముడివేయడం తప్ప వేరే పని తెలియని ఆ చేయి, ఒక్క ఊపుతో పాత రోజులన్నీ గుర్తు చేసుకుంది. ఒకదాని తర్వాత ఒకటి పట్టి చూశాడు. చివరికి రెండు మిగిలాయి.

"తల బరువుండేది స్మాషుకు బాగుంటాది, అయితే ఈ వయసులో బుజం పట్టేస్తాది. ఈ తేలికది నీ చేతికి సరిపోతాది" అన్నాడు ఏకాంబరం. "గట్టింగ్ బిగువు ఎట్లుండాదో రెండూ విని సూడు."

అతను ఒక్కోదాన్నీ వేలితో మీటి ధనుంజయ చెవి దగ్గర పెట్టాడు. ధనుంజయ కళ్ళు మూసుకుని విన్నాడు. ఏమీ వినపడలేదు. తనే అందుకుని గట్టిగా మీటాడు. తీగల వణుకు వేలికొసల్లో తెలుస్తోంది. చెవిలో మాత్రం ఏమీ లేదు. వీధిలో బస్సు హారను వినిపిస్తోంది. పక్క అంగడిలో ఎవరో మూట దించిన దభీమన్న శబ్దం వినిపించింది. మరి ఇదెందుకు వినపడదు?

మునిరత్నం రెండు రాకెట్లూ మీటి చూశాడు. రెండోదానికి అతని ముఖం వికసించింది. ధనుంజయ ఆ ముఖాన్నే చూస్తూ ఉన్నాడు.

"ఏది బాగా పలికింది?" అని అడిగాడు ఏకాంబరం.

"రెండోది" అన్నాడు ధనుంజయ.

మునిరత్నం అతని భుజం తట్టాడు. "నీ చెవి ఇంకా పోలేదురా" అన్నాడు. ధనుంజయ కూడా నవ్వాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని రాకెట్‌ను ఒళ్ళో పెట్టుకున్నాడు. కూతురు పూజిత తనతో మాట్లాడాలంటే ఎదురుగా వచ్చి చెయ్యి ఊపి మరీ మొదలుపెడుతుంది. మగ్గాల చప్పుడులో పెరిగిన పిల్ల, అలవాటు కాబోలు అనుకున్నాడు ఇన్నాళ్ళూ. అంగట్లో ఎవరైనా పక్క నుంచి ఏదైనా అడిగితే తల ఊపేస్తాడు. చాలాసార్లు అది సరిపోతుంది. మాటల శబ్దం వినపడుతుంది గదా, చెవుడు ఎట్లా అవుతుందనుకున్నాడు. ఊళ్ళో ముసలి నేతగాళ్ళను పిల్లలు వెనక నుంచి చెవిటి తాతా అని పిలిచి పరిగెత్తడం అతనికి తెలుసు. పక్క సీట్లో మునిరత్నం ఏదో చెబుతూ ఉన్నాడు. చెప్పాలని ధనుంజయకు నోటిదాకా వచ్చింది. చెబితే వేరే జోడీని చూసుకుంటాడేమోనన్న భయంతో మింగేశాడు.

ఆట మాత్రం బాగా సాగింది. మొదట్లో ఆయాసంతో వంగిపోయేవాళ్ళు. తర్వాత కాళ్ళు దారికొచ్చాయి. పొద్దున పూట కోర్టులో వాళ్ళు తప్ప ఇంకో నలుగురుండేవాళ్ళు, అంతే. ఇద్దరి మధ్యకు షటిల్ వస్తే అది ధనుంజయది. మునిరత్నం "నాది" అని అరిస్తే వదిలేయాలి. ఇది వాళ్ళ చిన్ననాటి ఒప్పందం. మనుషులు తక్కువగా ఉండే ఆ కోర్టులో మునిరత్నం లావు గొంతు ఎట్లాగో అందేది. అందనప్పుడు అతని కాళ్ళు చూసి ధనుంజయ తప్పుకునేవాడు. ఇంటికి వచ్చాక కూడా ఆ హుషారు మిగిలి ఉండేది. కసురుకోవడం తగ్గింది. చంద్రకాంతమ్మ ఒకరోజు పూజితతో అంది, "మీ నాయన ఈల వేస్తా ఉండాడే."

వానాకాలం వచ్చేసరికి చిత్తూరులో నలభై దాటినవాళ్ళకు పోటీలు పెట్టారు. మునిరత్నం ఇద్దరి పేర్లూ ఇచ్చేశాడు.

హాలు నిండా జనం. రెండు కోర్టుల్లో ఒకేసారి ఆటలు. చప్పట్లు, కేకలు, బూట్ల రాపిడి అన్నీ కలిసి ధనుంజయకు ఒకటే హోరుగా వినిపించాయి. మగ్గాలన్నీ ఒక్కసారి ఆడినట్టు ఉంది. అయినా మొదటి గేమ్ గెలిచారు. రెండో గేమ్‌లో అవతలివాళ్ళు షటిల్‌ను ఎత్తుగా, సరిగ్గా ఇద్దరి మధ్యకు లేపారు. ధనుంజయ తల పైకెత్తి వెనక్కి అడుగులు వేశాడు. షటిల్ దీపాల వెలుతురులో నుంచి దిగుతోంది. ఇంతకన్నా మంచి స్మాష్ దొరకదు. ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు.

రాకెట్ షటిల్‌కు తగల్లేదు. చేతికి తగిలిన దెబ్బ వేరేగా ఉంది. తిరిగి చూస్తే మునిరత్నం మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో ముఖం మూసుకుని ఉన్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది. కళ్ళద్దాల గాజు ముక్కలు కోర్టు మీద మెరుస్తున్నాయి.

ఆ రాత్రే వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. ఎడమకంటికి చూపు ఇక రాదని మర్నాడు చెప్పారు.

వరండాలో బల్ల మీద ధనుంజయ తల దించుకుని కూర్చున్నాడు. విషయం తెలిసి చంద్రకాంతమ్మ కూడా వచ్చింది. మునిరత్నం భార్య వచ్చి ఎదురుగా నిలబడి ఏదో అడిగింది. అతను తలెత్తాడు. "ఏమ్మా?"

ఆమె మళ్ళీ అడిగింది. ఏడ్చి ఏడ్చి గొంతు సన్నబడి ఉంది. పెదవులు కదలడం తప్ప అతనికి ఏమీ తెలియలేదు.

"ఏమ్మా? ఏమంటా ఉండావు?"

ఈసారి ఆమె అరిచింది. వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. "నాది, నాది అని రెండుసార్లు అరిస్తిని అంటా ఉండాడు ఆయన. నీకు వినపళ్ళేదా అన్నా?"

పక్కనున్న చంద్రకాంతమ్మ అతని బదులు చెప్పింది.

"వినపళ్ళేదమ్మా. మా ఆయనకు చెవులు పోయి శానా ఏండ్లయింది."

ఇంటికి వచ్చాక ధనుంజయ అన్నం ముందు కూర్చుని భార్యను అడిగాడు. "నీకు ఎప్పట్నించి తెలుసు?"

ఆమె అతని ఎదురుగా వచ్చి కూర్చుంది. "పాప ఉయ్యాల్లో ఏడిస్తే నువ్వు లేసేవాడివి కాదు. అప్పట్నించీ."

"మరి ఒక్క మాట చెప్పకపోతివే."

"చెబితే ఏం చేస్తావు? మగ్గాలు నిలబెట్టేస్తావా?" అంది. కోపంగా అనలేదు. "నాకూ సన్న మాటలు అందడం లేదు. నేనెవరికి చెప్పినాను?"

అతను కలిపిన ముద్ద అట్లాగే చేతిలో ఉండిపోయింది.

తర్వాత చాలా రోజులు ధనుంజయ మునిరత్నం ఇంటి వైపు పోలేకపోయాడు. ఒకసారి వాళ్ళ వీధి మలుపు దాకా పోయి వెనక్కి వచ్చాడు. కార్తీకం వెళ్ళాక ఒక మధ్యాహ్నం మునిరత్నమే వచ్చాడు. నల్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు. గడప ఎత్తు అంచనా తప్పి కాలు తగిలి తూలితే పూజిత పట్టుకుంది. ధనుంజయ నాలుగు మగ్గాలూ ఆపేశాడు. షెడ్డులో ఒక్కసారిగా నిశ్శబ్దం పరుచుకున్నట్టు తక్కినవాళ్ళ ముఖాలను బట్టి తెలిసింది. అతని చెవుల్లో మాత్రం ఆ హోరు ఇంకా మోగుతూనే ఉంది.

మునిరత్నం స్టూలు లాక్కుని అతని ముఖానికి ఎదురుగా, బాగా దగ్గరగా కూర్చున్నాడు. ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు.

"కన్ను పోయినందుకు కాదురా నా బాధ. ఆటలో తగిలింది, ఎవురైనా ఏం చేస్తారు? నువ్వు నాకు చెప్పింటే నేను అరిసేవాణ్ణే కాదు. మద్దెలోకి వచ్చేవన్నీ నీకే వదిలేద్దును. లేదంటే ముందే ఏదో ఒక సైగ పెట్టుకునేవాళ్ళం. ఇంకా పదేండ్లు ఆడేవాళ్ళంరా ఇద్దరమూ."

ఈ మాటలు మాత్రం ధనుంజయకు ఒక్కటి కూడా పొల్లుపోకుండా అందాయి. చంద్రకాంతమ్మ కాఫీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. మునిరత్నం గ్లాసు కోసం చెయ్యి చాచి పక్కన గాలిని పట్టుకున్నాడు. ధనుంజయ ఆ చేతిని పట్టి గ్లాసు మీద పెట్టాడు. ఇద్దరూ కాఫీ తాగారు. తర్వాత మునిరత్నం లేచి, పోయొస్తానని చేత్తో చెప్పి, గోడ పట్టుకుని మెల్లగా బయటికి నడిచాడు.