ఎర్ర గుర్రం నడక

సఖావత్ ఆటోలో డ్రైవరు పక్కన ఒక అరసీటు ఉంటుంది. సీటంటే సీటు కాదు, డ్రైవరు జరిగి ఇచ్చే జానెడు చోటు. అక్కడ కూర్చున్నవాడి ఒళ్లు సగం ఆటోలో ఉంటే సగం రోడ్డు మీద ఉంటుంది. అయినా తొమ్మిదేళ్లుగా ఆదివారం వచ్చిందంటే, శంషాబాద్ నుంచి మలక్‌పేట రేసు మైదానం దాకా ఆ జానెడు చోటు మొగులయ్యదే. వెనక సీటు మొత్తం ఖాళీగా ఉన్నా అక్కడే కూర్చునేవాడు. ఇంకొకరు కూర్చోబోతే సఖావత్ ఊరుకునేవాడు కాదు.

ఎయిర్‌పోర్టుకు పొలం పోకముందు మొగులయ్య ఎడ్లు చూసిపెట్టేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు సంతకు పోయినా అతన్ని వెంటబెట్టుకుని పోయేవారు. అతను కొమ్ములు చూడడు, పళ్లు లెక్కపెట్టడు. ఎద్దును తడి నేల మీద నడిపించమని, వంగి అడుగులు చూసేవాడు. ముందు కాలి అడుగును వెనక కాలు దాటి పడితే ఆ ఎద్దులో పని ఉన్నట్టు. అడుగు మీదే అడుగు పడితే సరేనన్నట్టు. వెనకబడితే ఇక దాని యజమాని ఎన్ని ఒట్లు పెట్టుకున్నా మొగులయ్య వినేవాడు కాదు.

పొలం పోయాక ఎయిర్‌పోర్టు రోడ్డు మధ్యలో చెట్లకు నీళ్లు పెట్టే పని దొరికింది. ఎడ్లు లేవు, సంతలు లేవు, చూసిపెట్టమని అడిగేవారు లేరు. అప్పుడే సఖావత్ ఒక ఆదివారం సరదాకని మలక్‌పేటకు తీసుకుపోయాడు. పందేనికి ముందు గుర్రాలను ఒక కంచె లోపల గుండ్రంగా నడిపిస్తారు. మొగులయ్య కంచె పట్టుకుని వంగి చూసి, "ఆ నల్లది," అన్నాడు. నల్లదే గెలిచింది. ప్రతిసారీ గెలిచిందని కాదు, కానీ నాలుగింట రెండుసార్లు అతని మాట నిలబడేది. గుర్రాల మీద అది చాలా ఎక్కువ. గుర్రాల పేర్లు, జాకీల పేర్లు అతనికి తెలియవు. రంగు చెప్తాడు, నంబరు చెప్తాడు, అంతే. గగన్‌పహాడ్ చాయ్ హోటల్లో సోమవారం పొద్దున ఆ మాటలే చెప్పుకునేవారు. భూమి పోయినవాడికి ఆ సోమవారమే ఆస్తి అనుకోండి.

2017 వానాకాలంలో జగదీశ్ వచ్చిపడ్డాడు.

కొత్తూరులో ఏదో ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, ముప్పై ఏళ్లవాడు. సఖావత్ ఆటోలోనే రోజూ డ్యూటీకి పోయేవాడు. రేసుల మాట రాగానే సంచిలోంచి ఒక పుస్తకం తీశాడు. ఏ గుర్రం ఎప్పుడు ఎంత బరువు మోసింది, ఎవడు నడిపాడు, ఎవడు తయారుచేశాడు, ఆ రోజు పందెం బోర్డు మీద రూపాయికి ఎంత పలికింది, అన్నీ అందులో రంగురంగుల పెన్నులతో రాసుకున్నాడు. పరీక్షకు పోయే ఆడపిల్లలా ఆ రంగులేమిటని మొగులయ్యకు చూడగానే ఒళ్లు మండింది.

"గుర్రం ఒక్కటే ఉరుకుతదా అన్నా," అన్నాడు జగదీశ్, మొదటి ఆదివారమే. "మీదున్నోడు మలుపుకాడ లోపలికి కొయ్యకపోతే నాలుగు గుర్రాల దూరం ఆడనే పాయె. ఎన్కకెల్లి ట్రైనర్ ఉన్నడు. ఎప్పుడు గెలిపియ్యాల్నో వాడు ముందుగాలనే అనుకుంటడు. ఇయన్నీ సరిగున్నా బోర్డు మీద భావ్ లేకపోతే ఏం ఫాయిదా? అందరికి తెలిసిన గుర్రం మీద రూపాయి పెట్టి రూపాయి పావలా తెచ్చుకునుడేనా?"

"ఎద్దును కొనేటప్పుడు దున్నెటోని మొఖం చూస్తరా?" అన్నాడు మొగులయ్య.

"చూడాలె గదన్నా. దున్నెటోడు కొత్తోడైతే సాలు ఎటువోతదో నీకు నేను చెప్పాల్నా?"

సఖావత్ పకపకా నవ్వాడు. ఆ నవ్వు మొగులయ్యకు చెప్పుతో కొట్టినట్టయింది. తొమ్మిదేళ్లలో తన మాటకు సఖావత్ తలూపాడే గానీ ఇట్లా ఎప్పుడూ నవ్వలేదు.

జగదీశ్ చెప్పినవి మూడు వారాల్లో మూడు గెలిచాయి. అవీ ఎవరూ పెట్టనివి, బోర్డు మీద ఒకటికి ఆరు, ఒకటికి ఏడు పలికినవి. చాయ్ హోటల్లో ఇప్పుడు అతని పుస్తకం చేతులు మారుతోంది. నాలుగో ఆదివారం మొగులయ్య ఉతికిన చొక్కా వేసుకుని బస్టాండు దగ్గరికి వచ్చేసరికి, అరసీట్లో జగదీశ్ కూర్చుని ఉన్నాడు.

"దారిల పుస్తకంల సంగతులు జర చెప్తడట," అన్నాడు సఖావత్, మొహం చూడకుండా. "నువ్వు ఎన్క కాళ్లు సాపుకోని మంచిగ కూసో అన్నా."

మొగులయ్య వెనక కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఆరాంఘర్ దాకా జగదీశ్ మెడ వెనక భాగాన్నే చూశాడు. కొత్తగా కత్తిరించిన జుట్టు, పౌడరు గీత. ఆ మెడ మీద అంత అసహ్యం పుడుతుందని తనకే తెలియదు. వాడు మర్యాద లేనివాడైనా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక సాకు దొరికేది. కానీ వాడు అన్నా అనకుండా మాట ఎత్తడు, చాయ్ ముందు తనకే ఇప్పిస్తాడు. అందుకే ఇంకా మండేది. రాత్రి అన్నం ముందు కూర్చుని కూడా మొగులయ్య వాడితో మనసులో వాదిస్తూనే ఉండేవాడు.

సెప్టెంబరులో ఒక ఆదివారం, పొద్దున వాన పడి వెలిసింది. జగదీశ్ ఆ రోజు పుస్తకం తెరవకుండానే మాట్లాడాడు.

"ఏడో నంబర్, ఎర్రది. నాలుగుసార్లు ఓడింది. ఓడినప్పుడల్లా దాని మీద బరువు తగ్గిస్తరు గద, ఇప్పుడు అందరికన్నా తక్కువ బరువు దానిదే. ఇన్ని రోజులు నేర్చుకునే పోరగాండ్లు నడిపిండ్రు. ఇయ్యాల ఈ సీజన్ల అందరికన్నా పెద్ద జాకీ ఎక్కుతుండు. ఆ ట్రైనర్ పోయినేడు రెండుసార్లు గిట్లనే చేసిండు. భావ్ ఒకటికి ఎనిమిది."

"ఇగ ఆలోచనేంది?" అన్నాడు సఖావత్.

"ఒక్కటే అనుమానం. పోయినసారి ఏడో జాగల వచ్చింది. కావాల్నని ఆపిండ్రా, కాలే పోయిందా? గది పుస్తకంల దొర్కదు." జగదీశ్ మొగులయ్య వైపు తిరిగాడు. "గది నువ్వే చెప్పాలె అన్నా. నువ్వు ఊ అంటే పెడ్తం. ఊహూ అంటే లేదు."

సఖావత్ జేబులోంచి వెయ్యి రూపాయలు తీశాడు. ఆటో వెనక టైర్లు రెండూ నున్నగా అరిగిపోయాయి. కొత్తవి వేయిద్దామని రెండు నెలలుగా కూడబెడితే సగమే జమయింది. మిగతా సగం ఇవ్వాళ గుర్రం ఇస్తుందని అతని ఆశ. "నువ్వు ఎట్లంటే గట్ల అన్నా," అన్నాడు.

మొగులయ్య కంచె దగ్గరికి పోయి వంగాడు. వాన తడికి నేల మెత్తగా ఉంది, అడుగులు అచ్చు గుద్దినట్టు పడుతున్నాయి. తెల్లది వచ్చింది, మూడో నంబరు. అడుగు మీద అడుగు. ఫరవాలేదు. గోధుమ రంగువి రెండు వెనకబడ్డాయి. తర్వాత ఎర్రది వచ్చింది. తల దించుకుని, తొందరేమీ లేనట్టు నడుస్తోంది. దాని వెనక కాలు ముందు అడుగును జానెడు దాటి పడింది. మళ్లీ పడింది, అంతే దూరం. ఎడమ వైపు అంతే, కుడి వైపు అంతే. తొమ్మిదేళ్లలో గుర్రంలో గానీ, అంతకు ముందు సంతల్లో ఎద్దులో గానీ అలాంటి నడక మొగులయ్య చూడలేదు. చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. "పెట్టుండ్రి" అన్న మాట పెదాల దాకా వచ్చింది.

చెబుదామని వెనక్కి తిరిగాడు. జగదీశ్ చెయ్యి సఖావత్ భుజం మీద ఉంది. ఇద్దరూ దేనికో నవ్వుకుంటున్నారు.

రేపు చాయ్ హోటల్లో ఏమవుతుందో మొగులయ్యకు అక్కడే కనబడింది. బరువు లెక్క జగదీశ్‌ది, జాకీ లెక్క జగదీశ్‌ది, ట్రైనరు గుట్టు, బోర్డు మీద భావ్ అన్నీ జగదీశ్‌వే. మొగులన్న కూడా ఊ అన్నాడట అని చివర్లో ఎవరైనా అంటే అన్నట్టు. పంచాయతీ కాగితం మీద వేలిముద్ర వేసినవాడికి ఉండే గౌరవం.

"ఎడమ కాలు గుంజుతుంది," అన్నాడు. "వద్దు."

జగదీశ్ మొహం వాడిపోయింది. "మంచిగ చూసినవా అన్నా?"

"చూసిన. తెల్లది, మూడో నంబర్. దాని మీద పెట్టుండ్రి."

జగదీశ్ ఒక్క క్షణం పుస్తకం వైపు చూసి, దాన్ని సంచిలో పెట్టేశాడు. ఇద్దరూ పోయి తెల్లదాని మీద పెట్టారు. తెల్లది మాత్రం గెలవకూడదని ఉందా, గెలిచినా గెలవొచ్చు అని మొగులయ్య తనకు తాను పదిసార్లు చెప్పుకున్నాడు.

ఎర్రది మలుపు దగ్గర లోపలికి కోసుకుని వచ్చి, నాలుగు గుర్రాల దూరంతో గెలిచింది. అది గీత దాటిన క్షణంలో మొగులయ్య గుండె సంతోషంతో ఎగిరింది. నేను చూశాను, నా కన్ను తప్పలేదు అని అరవబోయి పక్కకు చూశాడు. సఖావత్ చేతిలో టికెట్టు నలిగిపోతోంది. ఇన్ని వేల మందిలో తన కన్ను సరైనదని తెలిసినవాడు తనొక్కడే, ఆ మాట చెప్పుకోలేనివాడూ తనొక్కడే.

తిట్టి ఉంటే బాగుండేది. ఎవరూ తిట్టలేదు. తిరుగుదారిలో జగదీశే మాట ఎత్తాడు. "మా బాపుకు గూడ గిట్లనే అయింది అన్నా. కండ్లల్ల శుక్లం వచ్చి, లేనిది ఉన్నట్టు కనవడేది. చూపించుకోలేదా నువ్వు?"

"నా కండ్లు మంచిగనే ఉన్నయి," అన్నాడు మొగులయ్య.

సఖావత్ ముందు నుంచే నవ్వాడు. "మంచిగుంటే మరి కాలు గుంజుతుందని అబద్ధం చెప్పినవా ఏంది? పరేషాన్ కాకు. అందరికీ అయ్యేదే. బుధవారం నేనే తోల్కపోత."

ఇంట్లో సంగతి విని అతని భార్య అనంతమ్మ చేట పక్కన పెట్టింది. "కండ్లకేమైంది నీకు? నిన్న గుట్ట మీద మేసేది ఎవరి బర్రెనో ఈడికెల్లి చెప్పినవు గద." మొగులయ్య చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. ఆమె అతని మొహంలోకి కాసేపు చూసి, మళ్లీ అడగకుండా చేట అందుకుంది.

బుధవారం సఖావత్ రెండు కిరాయిలు వదులుకుని శంషాబాద్‌లో ఒక కళ్లద్దాల దుకాణానికి తీసుకుపోయాడు. దుకాణదారు మొగులయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురు గోడ మీద తెలుగు అక్షరాల అట్ట చూపించాడు. పైన పెద్దవి, కిందికి పోయేకొద్దీ చిన్నవి. మొగులయ్యకు అన్నీ కనబడుతున్నాయి. అట్ట అడుగున దాన్ని అచ్చేసినవాడి పేరు కూడా కనబడుతోంది. సఖావత్ పక్కనే నిలబడి, పరీక్ష రాసే కొడుకును చూసినట్టు చూస్తున్నాడు. ఒక్కసారి అన్నీ చదివేస్తే చాలు, కన్ను దక్కుతుంది. ఆ తర్వాత సఖావత్ అడిగేదానికి జవాబు ఉండదు.

మొగులయ్య రెండు వరుసలు చదివి ఆగిపోయాడు.

"కింద?" అన్నాడు దుకాణదారు.

"కనవడ్తలేదు."

సఖావత్ పాపం అన్నట్టు నిట్టూర్చి అతని వీపు మీద చెయ్యి వేశాడు. దుకాణదారు ఒకదాని తర్వాత ఒకటి అద్దాలు మార్చాడు. పై వరుసలో పెద్ద అక్షరం కూడా అలుక్కుపోయినప్పుడు మొగులయ్య, "ఆ, గిప్పుడు మంచిగుంది," అన్నాడు. పైసలు సఖావత్ ఇచ్చాడు, వద్దన్నా వినలేదు.

ఆదివారం బస్టాండు దగ్గర ఆటో ఆగింది. అరసీట్లోంచి జగదీశ్ గబుక్కున దిగాడు. "ముందుకు కూసో కాకా. ఎన్క టైర్లు బాగ లేవు, నీకు కుదుపు ఎక్కువైతది." మొన్నటి దాకా అన్నా అన్నవాడు. చెయ్యి పట్టుకుని మరీ ఎక్కించాడు. మొగులయ్య తన జానెడు చోట్లో కూర్చున్నాడు. రోడ్డు, లారీలు, గగన్‌పహాడ్ గోడలు నీళ్లలో పడ్డట్టు కదిలిపోతున్నాయి. వెనక సీట్లోంచి జగదీశ్ ముందుకు వంగి సఖావత్‌కు జాకీల సంగతి చెప్తున్నాడు. మాటలు మొగులయ్య భుజం మీదుగా పోతున్నాయి.

మైదానంలో అలవాటు కొద్దీ కంచె దగ్గరికి పోయాడు. గుర్రాలు వస్తున్నాయని డెక్కల చప్పుడు చెప్పింది. కంటికి మాత్రం ఎర్రటి మసక, నల్లటి మసక. నేల మీద అడుగులే లేవు. అటూ ఇటూ చూసి, అద్దాలను మెల్లగా ముక్కు మీదికి జార్చి, పైనుంచి తొంగిచూశాడు. ఐదో నంబరు నల్లది. వెనక కాలు అడుగును దాటి పడుతోంది, బెత్తెడు.

ఈసారి నిజం చెబుదామనుకున్నాడు. ప్రాణం లేచివచ్చినట్టయింది. "సఖావత్, ఐదో నంబర్ చూడు, దాని ఎన్క కాలు," అంటూ తిరిగాడు.

సఖావత్ బోర్డు వైపు పోబోతూ ఆగి వెనక్కి వచ్చాడు. నంబరు గురించి అడగలేదు. "జారిపోయినయి చూడు అన్నా," అని ఎంతో ప్రేమగా, వేలితో అద్దాలను మొగులయ్య ముక్కు మీద పైకి నెట్టి సరిచేశాడు. "మంచిగ పెట్టుకో. గిప్పుడు కనవడ్తుందా?"

"కనవడ్తుంది," అన్నాడు మొగులయ్య.