ఏడు దాటాక అన్నం

దర్జీ భార్య చేత రాత్రి భోజనం మాన్పించింది కన్నకూతురు. ఏడాది తిరక్కుండా ఆవిడ పోయింది. ఈ రెండు మాటల మధ్య మూడో మాట పెట్టడానికి ఆయన ఎవరినీ రానివ్వడు.

ఆ ఉదయం కూడా ఆయన మిషను మీద గుడ్డ తీసి, చక్రం దగ్గర నూనె చుక్క వేసి, పనికిరాని పీలిక మీద నాలుగు వరసలు కుట్టి చూసుకున్నాడు. నూనె మరక పడటం ఆగాక పీలికను బల్ల కిందికి విసిరేశాడు. దుకాణం ఒక్కటే గది. ముందు మిషను, వెనక కత్తిరించే బల్ల, ఆ వెనక గోడ పొడుగునా ఇనుప కమ్మీ, దానికి వేలాడే ఊరి జనం బట్టలు. కిటికీ కింద పీట మీద కాజాలు కుట్టే ఆవిడ కూర్చుంటుంది. ఆవిడ చెయ్యి ఎంత ఆడుతుందో నోరూ అంతే ఆడుతుంది. దర్జీ మాట్లాడడు కాబట్టి ఆ గదికి సరిపోతుంది.

ఆయన సన్నటి మనిషి. భుజాలు ముందుకు వంగి, మెడ కింద ఎముకలు పొడుచుకొచ్చి, ఒంటి మీది చొక్కా కొక్కేనికి తగిలించినట్టు ఉంటుంది. సూది గుచ్చుకుని గుచ్చుకుని చూపుడువేలి కొస రాయిలా తయారైంది.

ఎండ గడప దాటి లోపలికి వచ్చే వేళకు పక్క సెలూనతను పంట్లాం ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు.

"బావా, దీని నడుము కాస్త వదులు చెయ్యి. మొన్న మొన్న కుట్టింది. గుండీ పెట్టుకుంటే ఊపిరాడట్లేదు."

కాజాలావిడ దారం పళ్ళతో తెంపింది. "పంట్లాం ఏం చేసింది తమ్ముడూ, పాపం. కుట్టిన రోజు ఎంతుందో ఇవాళా అంతే ఉంది."

"నన్నంటావేంటక్కా. కొట్టు కట్టేసి ఇంటికెళ్ళి తినేసరికి పది దాటుతోంది. రాత్రి తిన్నది తిన్నట్టే ఒంటికి పట్టేస్తుందంట. మా ఆవిడ ఫోన్లో చూసింది. రేపట్నుంచి ఏడు దాటితే వంటింటికి తాళమే అంటోంది."

"మరి మధ్యాహ్నం నుంచీ ఆ కుర్చీలో కూర్చుని నమిలే పొట్లాల సంగతో? వాటికి గడియారం తెలీదా?"

సెలూనతను గట్టిగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ దర్జీ ముఖం చూసి ఆపేశాడు. ఆవిడకూ అప్పుడే గుర్తొచ్చినట్టుంది, తల దించుకుని కాజాలో పడింది. దర్జీ పంట్లాం తిరగేసి, నడుము పట్టీ లోపల తను వదిలిన గుడ్డ ఎంత మిగిలిందో వేలితో చూశాడు.

"రేపు రా," అన్నాడు. అంతే.

ఏడు దాటితే అన్నం లేదన్న మాట ఆయన ఇంట్లోకీ ఇలాగే నవ్వుతూ వచ్చింది. కూతురు అదే ఊళ్ళో కాపురం ఉంటూ జిమ్ములో రిసెప్షన్ దగ్గర ఉద్యోగం చేస్తోంది. అక్కడికి వచ్చేవాళ్ళు చెప్పుకునేవన్నీ వింటుంది. తల్లి మెట్లెక్కి ఆయాసపడుతుంటే ఆ పిల్లకు బెంగ పట్టుకుంది. "నాన్న కోసం పదింటిదాకా కాచుక్కూచుని, అప్పుడు తిని, తిన్నట్టే పడుకుంటే లావెక్కవా అమ్మా? ఏడు దాటాక ముద్ద ముట్టనని నా మీద ఒట్టెయ్యి." తల్లి ఒట్టేసింది. పిల్ల అడిగితే ఆవిడ ఏదైనా వేస్తుంది.

అదే పదింటికి, అదే కూరతో, ఆవిడకు ఎదురుగా కూర్చుని ఆయనా తిన్నాడు, పెళ్ళైన నాటి నుంచీ. ఆయన ఒంటి మీద పిడికెడు కండ చేరలేదు. ఆ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మొదట్లో ఆవిడ వేడినీళ్ళ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చునేది. "కూర వాసన తగులుతుంటే ఊరికే కూర్చోవడం కష్టంగా ఉందండీ," అని తర్వాత ముందే పడుకోసాగింది. ఆయన వచ్చి, చప్పుడు కాకుండా మూత తీసి, చప్పుడు కాకుండా తిని, గిన్నె కడిగి బోర్లించేవాడు. అవతలి గదిలో ఆవిడ నిద్రపోతోందో, కళ్ళు మూసుకుని ఉందో ఆయనకు తెలిసేది కాదు.

ఆవిడ తగ్గింది. బట్టలు వదులయ్యాయి. పక్కలు విప్పి, లోపలికి తీసి, ఆయనే మళ్ళీ కుట్టిపెట్టాడు. మొదటిసారి ఈల వేసుకుంటూ కుట్టాడు. అద్దం ముందు నిలబడి ఆవిడ, "చూశారా, పెళ్ళినాటి నడుం. మీకింకో పెళ్ళాం దొరికినట్టే," అంది. కూతురు తల్లిని పట్టుకుని గది చుట్టూ గిరగిరా తిప్పింది. పక్కింటివాళ్ళు కిటుకు ఏమిటని అడిగారు. ఆయన ఆ బట్టలే మళ్ళీ విప్పాడు, మళ్ళీ కుట్టాడు. ఏడు లోపల కూడా ఆవిడ తినలేకపోతోందని ఒక్కరికీ తట్టలేదు.

ఆస్పత్రి వరండాలో కూతురు, రాత్రి తిండి మాన్పించడం వల్లేనా అని ఏడుస్తూ అడిగితే డాక్టరమ్మ చెప్పింది. "ఒంటి బరువుకు ఏ వేళకు తిన్నారన్నదానికంటే రోజు మొత్తంలో ఎంత తిన్నారన్నదే ముఖ్యమమ్మా. రాత్రి తిండి తగ్గించినంత మాత్రాన ఎవరూ ఇంతలా చిక్కిపోరు. కడుపులో గడ్డ చాలా రోజులుగా ఉంది. కాస్త ముందు తీసుకొచ్చి ఉంటే ఏమైనా చూసేవాళ్ళం." అందులో కూతురు మొదటి మాటలు పట్టుకుంది. ఆయన చివరి మాట పట్టుకున్నాడు.

అప్పటి నుంచి సెలవు రోజున కూతురు ఇంటికి వస్తే ఆయన చెప్పులేసుకుని బయటికి పోతాడు. ఆమె గది ఊడ్చి, గిన్నెలు తోమి, కాసేపు కూర్చుని వెళ్ళిపోతుంది.

ఆ రోజు ఆమె ఇంటికి రాలేదు. మధ్యాహ్నం దుకాణానికే వచ్చింది. దుకాణంలో అయితే ఆయన లేచి పోలేడు. చేతిలో నల్లకోటు ఉంది. ఉద్యోగం వచ్చిన రోజుల్లో ఆయన కుట్టి ఇచ్చినదే.

"నడుము దగ్గర బిగించాలి నాన్నా. వదులైపోయింది."

"వేసుకో."

ఆమె వేసుకుని నిలబడింది. ఆయన టేపు మెడలోంచి తీసి నడుము చుట్టూ తిప్పాడు. టేపు కొస అనుకున్న అంకెకంటే చాలా ముందే కలిసింది. వేళ్ళకు పక్కటెముకలు తగిలాయి. టేపు మరోసారి తిప్పి చూశాడు. ఇలా కలవడం ఆయన ఇంతకు ముందు భార్య నడుము దగ్గర చూశాడు. సుద్దముక్కతో రెండు పక్కలా గీతలు గీశాడు.

కాజాలావిడ సూది గుడ్డకు గుచ్చి లేచింది. "టీ తెస్తానన్నయ్యా," అని, ఎవరూ అడక్కుండానే వెళ్ళింది.

కూతురు కోటు విప్పి బల్ల మీద పెట్టింది. "మీ అల్లుడికి బదిలీ అయింది. సాయంత్రం రైలుకి వెళ్ళిపోతున్నాం. మళ్ళీ ఎప్పటికొస్తామో తెలీదు."

ఆయన సుద్దముక్క డబ్బాలో వేశాడు.

"వెళ్ళే ముందు ఒక్క మాట అడుగుతా నాన్నా. డాక్టరమ్మ చెప్పింది నువ్వూ విన్నావు. అమ్మ పోయింది నా వల్ల కాదని."

"విన్నాను."

"అయితే అదే నీ నోటితో ఒక్కసారి అను. నాకు అన్నం దిగట్లేదు. పొద్దున్నా దిగట్లేదు, రాత్రీ దిగట్లేదు."

ఆయన మిషను చక్రం మీద చెయ్యి పెట్టాడు. మాట్లాడినప్పుడు గొంతు మామూలుగానే ఉంది.

"నువ్వు మాన్పించింది అన్నం కాదు. మీ అమ్మ పగలంతా ఎవరికీ ఏదీ చెప్పుకునేది కాదు. ఆ వేళకే, నా ఎదురుగా కూర్చుని తింటూ చెప్పేది. పన్ను సలిపినా, కాలు పీకినా, పక్కింటావిడ మాటన్నా అప్పుడే. కడుపులో నొప్పని కూడా అప్పుడే చెప్పి ఉండేది. చెప్పుకునే వేళ లేకుండా చేశావు."

"నాతో చెప్పొచ్చుగా."

"నీతోనా? తను తగ్గుతుంటే నువ్వు చప్పట్లు కొడుతున్నావు. నీ ముఖం చూసి ఎలా చెబుతుంది?"

ఆమె బల్ల అంచు పట్టుకుంది. కళ్ళనీళ్ళు రాలేదు. "నువ్వు కూడా బట్టలు బిగించావు కదా నాన్నా," అంది, మెల్లిగా.

ఆ మాటకు జవాబే ఉంటే ఆయన ఏడాదిగా తనకు తనే చెప్పుకునేవాడు.

"బండికి వేళవుతోంది. పో," అన్నాడు.

ఆమె వంగి చెప్పులు వేసుకుంది. మెట్టు దిగి, రోడ్డు దాటి, మలుపు దగ్గర ఆగి ఉన్న ఆటోలో మొగుడి పక్కన, పెట్టెల మధ్య ఇరుక్కుని కూర్చుంది. ఆటో కదిలింది.

కాజాలావిడ మలుపు దగ్గర అల్లుణ్ణి పలకరించి, ప్రయాణం సంగతి విని, మూడు గ్లాసుల టీతో వచ్చి, రెండు బల్ల మీద పెట్టి, మూడోది చేతిలోనే పట్టుకుంది. "సాయంత్రమే పోయే పిల్ల కోటెందుకిచ్చిందన్నయ్యా? ఎప్పుడొచ్చి తీసుకుంటుంది?"

ఆయన ఒక చొక్కా లాగి మిషను కింద పెట్టాడు.

"తండ్రివి. స్టేషనుకు వెళ్ళి ఒక్క మాటంటే ఏం పోయింది? ఇంకా టైముంది."

"నీ పని చూసుకో," అన్నాడు. మిషను తొక్కబోయి ఆగాడు. "ఈ సంగతి ఇక నా ముందు ఎత్తొద్దు. నువ్వూ, ఎవరూ. నేనైతే పోయేదాకా ఎత్తను."

ఆవిడ పీట మీద కూర్చుంది. సూదిలో దారం ఎక్కించుకుంది. రైలు కూత వినిపించినప్పుడు ఆయన ఎవరిదో చొక్కాకు కాలరు అతుకుతున్నాడు. కుట్టు వంకర పోలేదు.

కుట్టాల్సిన బట్టలకు పేరు రాసిన చీటీ గుచ్చి కమ్మీకి తగిలిస్తాడు ఆయన. నల్లకోటు కూడా చివరన తగిలించాడు, చీటీ లేకుండా. నడుముకు రెండు పక్కలా సుద్దగీతలు తెల్లగా ఉన్నాయి. వాటి మధ్య లోపలికి పోవలసిన గుడ్డ పోకుండా, వదులుగా, అలాగే వేలాడుతోంది.