పేరు చెక్కని రేకు

నేను ఒక జ్ఞాపికను. లోకంలోకి వచ్చేటప్పుడు నా దగ్గరున్న సరుకు ఇంతే: ఇత్తడి ఒళ్ళు, నల్లరంగు వేసిన చెక్క పీట, ఆ పీటకు ముందువైపు కొట్టిన ఒక ఖాళీ రేకు. వీటిలో ఎందుకూ పనికిరానిది ఆ రేకే అనుకునేదాన్ని. పేరు లేని జ్ఞాపిక బోర్డు లేని దుకాణం లాంటిది.

పెంబర్తిలో ఇత్తడి పని చేసే సోమాచారి నన్ను నమూనాగా చేశాడు. హైదరాబాదు నుంచి వచ్చిన కళావేదికవాళ్ళకు నచ్చాను. నన్ను చూసి చేసినవాటన్నిటికీ పేర్లు చెక్కారు. నాకు మాత్రం ఉద్యోగం ఇచ్చారు.

సినిమాకూ టీవీకీ కలిపి ఏటా అవార్డులిచ్చే వాళ్ళ సభలో వేదిక మీద అందరికీ అందించేది నన్నొక్కదాన్నే. పేర్లున్న అసలువి తారుమారైతే గొడవని వాటిని ఆఫీసులోనే ఉంచి, తర్వాత ఇళ్ళకు పంపుతారు. నన్ను అందుకున్నవారు ఫొటోకు నవ్వి, ఎడమవైపు మెట్లు దిగగానే వేదిక పనులు చూసే సైదులు నన్ను మర్యాదగా వెనక్కి తీసుకుంటాడు. తెర చాటునుంచి పరుగెత్తి, తర్వాతివారి కోసం కుడివైపు పళ్ళెంలో పెడతాడు.

నష్టపోయిందేమీ లేదు. చాలా చేతులు చూశాను. హీరోలు నన్ను మెడ దగ్గర పట్టుకుంటారు. నిర్మాతలు నావైపు చూడరు, కెమెరా ఎక్కడుందో చూస్తారు. రెండు చేతులతో పొదివి పట్టుకున్నారంటే వాళ్ళకిదే మొదటి అవార్డు. పట్టును బట్టి మనిషిని అంచనా కట్టడం అలా అబ్బింది.

కనకవల్లి నన్ను పొదివి పట్టుకుంది. ఆమె డబ్బింగ్ కళాకారిణి. ఒక సీరియల్లో గయ్యాళి అత్తగా మధురిమ అనే నటి పెదవులు కదుపుతుంది, గొంతు కనకవల్లిది. ఆమె మెట్లు దిగేసరికి బయట ఎవరో హీరో కారు దిగాడని సైదులు జనాన్ని తొయ్యడానికి పోయాడు. ఆమె కాసేపు నిలబడింది. ఎవరూ ఏమీ అడగలేదు. నన్ను సంచిలో పెట్టుకుని యూసుఫ్‌గూడ బస్సెక్కింది. అక్కడ వేదిక మీద ఉత్తమ ఛాయాగ్రాహకుడికి శాలువా చుట్టిన నీళ్ళ సీసా అందించారని తర్వాత తెలిసింది.

తెల్లవారాక నన్ను తీసుకెళ్ళి అత్తగారు శేషమ్మ చేతుల్లో పెట్టింది. శేషమ్మకు చూపు తగ్గింది. సీరియల్ చూడదు, వింటుంది. ఆ గయ్యాళి అత్త గొంతంటే ప్రాణం. అది తన కోడలిదంటే మాత్రం ఇన్నేళ్ళుగా నమ్మలేదు. పెద్దావిడ ముందు ఆ గొంతు ఎత్తితే మర్యాదగా ఉండదని కనకవల్లి ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. అందుకే సాక్ష్యంగా నన్ను తెచ్చింది.

శేషమ్మ నన్ను తడిమింది. రేకు దగ్గర వేళ్ళు ఆగాయి.

"నున్నగా ఉందేమిటే? నీ పేరేదీ?"

అప్పుడే తలుపు దగ్గర సైదులు, చంకలో అట్టపెట్టె.

"అమ్మా, గదేమో ఫొటోల కోసం ఇచ్చేదమ్మా. మీది ఇగో, ఇది. పేరు గూడ చెక్కిన్రు."

కనకవల్లి ఆశగా పెట్టె విప్పింది. లోపలిదాన్ని బయటికి తీసి చదివి, రేకును కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది. ఆఫీసులో ఎవరో సీరియల్ చూసి, తెర మీద ఎవరున్నారో వాళ్ళ పేరే చెక్కించారు.

"చదవ్వేం?" అంది శేషమ్మ.

"మధురిమ అని ఉందత్తయ్యా."

"చెప్పలా? ఆ గొంతెక్కడ, నీ పిల్లికూతెక్కడ. ఇన్నాళ్ళూ నా చెవిలో పూలు పెట్టావు కదే."

సైదులు తల గోక్కున్నాడు. ఆఫీసుకు చెప్పి మార్పిస్తానన్నాడు, ఎప్పటికో మాత్రం తనకూ తెలియదన్నాడు. కనకవల్లి ఆ కొత్తదాన్ని పక్కన పెట్టి నన్ను చేతుల్లోకి తీసుకుంది. ఈసారి పట్టు వేరుగా ఉంది. నా ఖాళీ రేకు మీద చూపు నిలిపి, చదువుతున్నట్టే ఆ గయ్యాళి అత్త గొంతు ఎత్తింది. నా ఇత్తడి ఒళ్ళు ఝుమ్మంది.

"ఉత్తమ డబ్బింగ్ కళాకారిణి, కనకవల్లి. ఇంట్లోవాళ్ళు నమ్మినా సరే, నమ్మకపోయినా సరే."

కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్న శేషమ్మ గబుక్కున కాళ్ళు దించి, కొంగు సర్దుకుంది. ఎవరో పెద్దమనిషి ఇంటికి వచ్చినట్టు.

"ఏదీ," అంది, "ఇంకోసారి చదువు."

కనకవల్లి చదివింది. సైదులు గుమ్మంలో నిలబడి విని, మధురిమ పేరున్నదాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టుకున్నాడు.

"ఫొటోలకు ఇది సాలు తియ్యమ్మా. అది మీకాడనే ఉండనీ."

ఇప్పుడు వేదిక మీద చేతులు మారేది ఆ మధురిమ పేరున్నదే. అప్పుడప్పుడు టీ తాగడానికి వచ్చే సైదులు చెబుతుంటాడు, హీరోలూ నిర్మాతలూ దాన్నే ఎత్తి చూపిస్తున్నారట. దాని మీద ఎవరి పేరుందో ఇంతవరకు ఒక్కరూ చదవలేదట.

నా లెక్క చెబుతాను. పోయినవి దీపాలు, చప్పట్లు, పెద్దవాళ్ళ చేతులు. మిగిలింది టీవీ పక్కన జానెడు చోటు. రేకు ఈనాటికీ ఖాళీయే. కానీ ఇంటికి ఎవరొచ్చినా శేషమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని, ఆ నున్నటి రేకు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి వేలు నడిపిస్తూ, ఒక్క అక్షరం తప్పకుండా చదువుతుంది: "కనకవల్లి. మా కోడలు."