పారెయ్యమన్న జగ్గుని మాట్లాడుతున్నాను

హలో… హలో… ఆఁ, వినపడుతోందాండీ? ఫోను చెవికి కాస్త దగ్గరగా పెట్టుకోండి, కట్ చెయ్యకండి. నేను చెప్పబోయే సంగతి వినగానే మీలో సగంమంది ముక్కు మూసుకుంటారని నాకు తెలుసు. మూసుకోండి, ఫర్వాలేదు. చెవులు మాత్రం మూసుకోకండి.

నేను ఒక ప్లాస్టిక్ జగ్గుని. నాలో రెండు లీటర్లు పడతాయి. ఒంటిమీద కొలతగీతలు, నెత్తిమీద నీలం మూత. ఒక రేకుల షెడ్డులో, అచ్చులోంచి వేడివేడిగా ఊడిపడ్డాను. నాతోపాటు పుట్టిన అన్నదమ్ములు తలో దారి పట్టారు. ఒకడు కల్యాణమండపంలో పెద్దమనుషులకి మంచినీళ్ళు పోస్తున్నాడట. నన్ను కాకినాడలో ఒక ఫ్యాన్సీ షాపువాడు గుమ్మానికి తాడుకట్టి వేలాడదీశాడు. అక్కడ గాలికి ఊగుతుంటే వీరవేణి వచ్చింది. మూడుసార్లు తట్టింది, మూత తీసి వాసన చూసింది, ఎండకి ఎత్తి చిల్లులున్నాయేమో చూసింది. పెళ్ళిచూపుల్లో కూడా అంత చూడరండి.

వీరవేణికి జగన్నాథపురం వంతెన దగ్గర పెసరట్ల బండి ఉంది. పెనం దగ్గర ఆవిడ, కబుర్ల దగ్గర ఆవిడ మొగుడు బుల్లెబ్బాయి. నా ఉద్యోగం మజ్జిగ. అల్లం, కరివేపాకు, ఉప్పు వేసిన మజ్జిగ నాలోంచి ఎంతమంది గొంతుల్లోకి దిగిందో లెక్కలేదు.

అలా హాయిగా ఉండగా వీరవేణికి దొడ్డికి వెళ్ళినప్పుడు రక్తం పడటం మొదలైంది. నోరు తెరిచి చెప్పడానికే ఆవిడకి చాలాకాలం పట్టింది. చెప్పగానే అందరూ డాక్టర్లయిపోయారు.

"మొలలేనే. పెనం ముందు వేడి కదా," అన్నాడు బుల్లెబ్బాయి.

వాళ్ళు అద్దెకుండేది నాలుగు వాటాల లోగిలి. ఇంటావిడ పాపాయమ్మగారు. ఆవిడ ఏదో ఆకు నూరి ఉండ చేసి ఇచ్చింది. "పరగడుపున మింగెయ్. మా అత్తగారికి దీంతోనే తగ్గింది."

వీరవేణి ఆ ఉండని మింగలేదు. వాళ్ళ అక్కకీ అందరూ మొలలే అన్నారు. అన్నవాళ్ళందరూ అక్క దినానికి వచ్చి భోంచేసి వెళ్ళారు. పేగులో పుట్టిన కాన్సర్ అని తెలిసేసరికి చేయడానికేం మిగల్లేదు. ఈవిడ భయం అదీ. అందుకే ఒక పొద్దున బండి మూసేసి, నాలో మజ్జిగ పోసుకుని, నన్ను సంచిలో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళింది.

కొలనోస్కోపీ చెయ్యాలన్నారు. చివర కెమెరా ఉన్న సన్నటి గొట్టం వెనకదారిన పెద్దపేగులోకి పంపి లోపలంతా చూస్తారు. చూడాలంటే పేగు కడిగిన పళ్ళెంలా ఉండాలి. ఆ కడిగే పని మనం ఇంట్లో చేసుకుని రావాలి. సిస్టర్ ఎస్తేరు రాణి గబగబా చెప్పింది, పాపం ఆవిడ వెనకాల బారెడు వరస ఉంది. ముందురోజు అన్నం వద్దు, ఈ పొడి రెండు లీటర్ల నీళ్ళలో కలిపి తాగాలి, సాయంత్రం సగం, పొద్దున్న సగం.

"అర్థమైందామ్మా?"

"ఆఁ… అయ్యిందండి."

నేను సంచిలోంచి విన్నాను. ఏమీ అర్థం కాలేదని నాకు తెలుసు. కానీ మన దేశంలో అర్థమైందా అని అడిగితే కాలేదనే మనిషి ఇంకా పుట్టలేదండి.

ఏం జరిగిందంటారా? అన్నం వద్దన్నారు కాబట్టి ఉపవాసం అనుకుంది. మనవాళ్ళు ఉపవాసం రోజు తినేది మామూలు రోజు పట్టదు కదా. జామకాయలు తింది, సగ్గుబియ్యం పాయసం తాగింది, గ్లాసుడు పాలు తాగింది. అన్నం మాత్రం ముట్టలేదు, దేవుడి సాక్షిగా! సాయంత్రం పొడి నాలోనే కలిపింది. మొదటి రెండు గ్లాసులూ బాగానే దిగాయి. ఆ తర్వాత నాలుగు వాటాలకీ ఉన్న ఒకే ఒక్క లెట్రిన్‌కి పరుగు. మళ్ళీ పరుగు. మళ్ళీ. అరుగుమీద వత్తులు చేసుకుంటున్న పాపాయమ్మగారు తలెత్తి, "ఏమే, లెట్రిన్‌లో కాపురం పెట్టావా ఏంటి?" అంది. వాటాల్లోంచి కిసుక్కుమన్నారు. వీరవేణి తలుపేసుకుంది. నాలో మిగిలిందంతా, పొద్దుటి వాటాతో సహా, కిటికీ కింద మందార మొక్కకి పోసింది. మర్నాడు ఆ మొక్క వాలకం చూడాలి మీరు.

ఆస్పత్రిలో డాక్టరుగారు గొట్టం బయటికి తీసేసి తలపట్టుకున్నారు. "వరద కాలవలో ఉంగరం వెతకమన్నట్టుందమ్మా. మళ్ళీ శుభ్రంగా చేసుకుని రావాలి."

"ఇంక నా వల్ల కాదండి, నేను రాను," అని వీరవేణి నన్ను సంచిలో కుక్కుకుని బయటికి నడిచింది.

ఎస్తేరు రాణి వెనకాలే వచ్చి బెంచీమీద పక్కన కూర్చుంది. ఈసారి గబగబా మాట్లాడలేదు. "అమ్మా, నేను చెప్పింది వదిలెయ్యండి. నిన్న ఇంట్లో మీరు ఏమేం చేశారో చెప్పండి. తిట్టను."

జామకాయలతో మొదలుపెట్టి పాయసం దాకా చెప్పింది వీరవేణి. మందార మొక్క దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయి, సంచిలోంచి పైకి కనపడే నా మూత తిప్పుతూ కూర్చుంది. చివరికి ఏడుపు గొంతుతో అంది: "తాగడం కష్టమేం కాదండి. లోగిలి మధ్యలోంచి అన్నిసార్లు ఎలా ఎల్లమంటారండీ? మగోళ్ళు చీట్లాడుకుంటా ఉంటారు. ఆడదాన్ని."

ఎస్తేరు రాణి నుదురు కొట్టుకుంది. "ఇన్నేళ్ళనుంచి ఎలా తాగాలో చెప్తున్నాను గానీ, తాగాక ఎక్కడికెళ్తారో ఒక్కరినీ అడగలేదమ్మా," అంది. తర్వాత నన్ను సంచిలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, నా గీతలమీద వేలు పెట్టి మొదలుపెట్టింది. "ఇది దేవుడికి ఉపవాసం కాదు. పేగుకి స్నానం. ఒళ్ళంతా సబ్బు రాసుకుని మధ్యలో ఆపేసి బజారుకెళ్తామా? ఇదీ అంతే. పరీక్షకి మూడు రోజుల ముందునుంచి గింజలూ ఆకుకూరలూ వద్దు, పేగు గోడకి అంటుకుపోతాయి. ముందురోజు కొబ్బరినీళ్ళు, వడగట్టిన చారు తేట, పాలు పొయ్యని టీ. ఎర్రరంగు షర్బత్తులు వద్దు, లోపల రక్తమనుకుంటాం. చివరికి కొబ్బరినీళ్ళ రంగులో నీళ్ళే రావాలి. అప్పుడే స్నానం అయినట్టు. వాంతొస్తే కాసేపు ఆగి చిన్నగా తాగండి, తగ్గకపోతే నాకు ఫోన్ చెయ్యండి. సుగరుకీ రక్తం పలచబడడానికీ మాత్రలేమన్నా వేసుకుంటుంటే ఇప్పుడే చెప్పండి." అన్నీ అయ్యాక, అర్థమైందా అని అడగలేదు. "ఇప్పుడు నేను పేషెంటుని, మీరు సిస్టరు. నాకు చెప్పండి," అంది.

వీరవేణి సిగ్గుపడుతూనే చెప్పింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పలేదు.

"మరి లెట్రిన్ సంగతి?" అంది ఎస్తేరు రాణి.

"అది నేను చూసుకుంటానండి," అంది వీరవేణి. ఆ గొంతు నేను బండి దగ్గర విన్నాను. అట్టు తిని డబ్బులు ఎగ్గొట్టేవాడితో మాట్లాడే గొంతు అది.

రెండోసారి పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం కుళాయి వచ్చే వేళ. లోగిలంతా బిందెలతో అక్కడే ఉంది. వీరవేణి కొంగు దోపుకుని మధ్యలో నిలబడింది.

"అందరూ ఇనండి. ఇయ్యాళ సాయంత్రం నుంచి రేపు నేను ఆసుపత్రికి ఎల్లేదాకా లెట్రిన్‌కి ముందు వంతు నాది. ఎవరికన్నా పనుంటే ఇప్పుడే కానిచ్చుకోండి. నాకు రక్తం పడతంది. మా అక్కకీ పడింది, సిగ్గుపడి చచ్చిపోయింది. నేను సిగ్గూ పడను, చావనూ చావను."

బిందె నిండి పొర్లిపోతోంది, కుళాయి కట్టేవాళ్ళు లేరు. బుల్లెబ్బాయి మొహం కందగడ్డయింది. "ఒసేవ్, మెల్లిగా! పరువు పోతాదే!"

"పోనీండి. పేగుంటే పరువు మళ్ళీ కొనుక్కుందాం. లెట్రిన్ దగ్గర డ్రమ్ము నింపండి ముందు."

సాయంత్రం లెట్రిన్ తలుపు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒళ్ళో నేను. పాపాయమ్మగారు అరుగుమీంచి ఊరుకుంటుందా?

"ఏమే వీరవేణీ, మున్సిపాలిటీవాళ్ళు కాపలా పెట్టారా నిన్ను?"

"కాపలా కాదు పిన్నిగారూ, పట్టా రాయించుకున్నాను," అని నన్నెత్తి గ్లాసులోకి వంచింది వీరవేణి.

ఈసారి లోగిలి నవ్వింది గానీ ఆ నవ్వు వేరు. ఇంకో సంగతి చెప్తాను, బాగా గుర్తుపెట్టుకోండి. చీట్లాడుకునేవాళ్ళ మధ్యలోంచి బుల్లెబ్బాయి రెండు చేతులా రెండు బకెట్లు మోసుకుంటూ వెళ్ళాడు. ఒకడు ఏదో అనబోయాడు. "మా ఆవిడకిరా. ఏం?" అన్నాడు. అంతే. మొలలే అన్న నోటితోనే అన్నాడు. ఒక్క బుద్ధి రావడానికి మనిషికి ఎన్ని బకెట్లు కావాలో చూడండి.

తెల్లారి రెండో సగం కూడా తాగేసింది. నా అడుగు తళతళలాడింది. మందారానికి చుక్క దక్కలేదు.

డాక్టరుగారికి ఈసారి అంతా అద్దంలా కనపడింది. పేగు గోడకి పుట్టగొడుగులాంటి పిలక ఒకటి. అక్కడికక్కడే గొట్టంలోంచే కత్తిరించి తీసేసి పరీక్షకి పంపారు. అందులో కాన్సర్ లేదని తర్వాత చెప్పారు, ఉంచేస్తే కొన్నేళ్ళకి అదే కాన్సర్ అయ్యే జాతట. మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలో కూడా చెప్పారు. వీరవేణి నన్ను గుండెకి హత్తుకుని బెంచీమీద కూర్చుని ఏడ్చింది. అక్క గురించే ఏడ్చిందని నేననుకుంటున్నాను.

ఇక నా విషయం. ఇంటికొచ్చాక పాపాయమ్మగారు గుమ్మంలోంచే అంది: "ఆ జగ్గు పారెయ్యవే. దేనికి వాడావో ఏంటో!"

దేనికి వాడిందండీ? నాలో పోసింది మందు కలిపిన మంచినీళ్ళు. లోపల మురికి పెట్టుకుని తిరిగేది మనుషులు, మైల నాకా? నేను పడను ఆ మాట. వీరవేణీ పడలేదు. నన్ను చింతపండు పెట్టి తోమి, ఎండలో ఆరబెట్టి, మజ్జిగ పోసి, అందరి ముందూ మొదటి గ్లాసు తను తాగింది. మర్నాటి నుంచి మళ్ళీ బండి దగ్గర నా ఉద్యోగం నాది.

అలా రోజులు గడిచాయి. ఒకనాడు మధ్యాహ్నం బండి మూసే వేళకి పాపాయమ్మగారు వంతెన దాకా నడిచొచ్చింది. చుట్టూ చూసింది. అట్టు వద్దంది, మజ్జిగ వద్దంది.

"ఒసేవ్… ఆ జగ్గు ఓసారి ఇస్తావా?"

ఎందుకని వీరవేణి అడగలేదు. ఆవిడ మొహం చూసింది. ఇన్నాళ్ళూ ఆ ఆకు ఉండలు మింగుతున్నది పాపాయమ్మగారేనని నాకూ వీరవేణికీ తెలిసిపోయింది. నన్ను తీసింది గానీ చేతికివ్వలేదు.

"ఇస్తాను పిన్నిగారూ. ముందురోజు ఏం తింటారో చెప్పండి ముందు."

"ఏముందే, ఉపవాసమేగా. రెండు జామకాయలు తిని…"

వీరవేణి స్టూలు ముందుకు జరిపింది. "కూచోండి."

అదండీ నా కథ. ఏ రోజు ఏం తాగాలో, ఏ వేళకి తాగాలో మీ ఆస్పత్రివాళ్ళే చెప్తారు, వాళ్ళ మాటే వినండి. వినడంతో ఆగకుండా తిరిగి అప్పజెప్పండి. పొద్దున్నే పూలబొమ్మలు పంపుకునే గ్రూపు ఉంటుంది చూడండి మీకు, అందులోనే ఇదీ పంపండి. ముఖ్యంగా "మొలలేలే" అనే మనిషి మీ ఇంట్లో ఉంటే ముందు వాళ్ళకి పంపండి. విన్నారా అని అడక్కండి. ఏం అర్థమైందో చెప్పమనండి.