చెట్టుకు కట్టిన కెమెరా

సుందరరాజు మాస్టారు బందరు కాలేజీలో ముప్పై రెండేళ్లు జువాలజీ చెప్పారు. దివిసీమ మడ అడవుల్లో, నీళ్లలోకి దూకి చేపను పట్టే బావురుపిల్లి ఉందంటే పిల్లలు నమ్మేవాళ్లు కాదు. రిటైరయ్యాక మంచి కెమెరా కొని, దాని వేటను స్వయంగా వీడియో తీయాలని ఆయన కోరిక. తీరా రిటైరైన ఏడాదే కుడిచెయ్యి వణకడం మొదలైంది. డాక్టరు పార్కిన్సన్స్ అన్నాడు. మందులతో సర్దుకుంటుంది గానీ పూర్తిగా పోదన్నాడు.

"ఇంకా ఆగితే ఈ మాత్రం ఓపిక కూడా ఉండదండీ. వెళ్లి కొనుక్కొద్దాం పదండి," అంది భార్య ఆనందమ్మ.

ఇద్దరూ విజయవాడ వెళ్లారు. షాపాయన చంద్రశేఖర్ పొడుగాటి లెన్సున్న కెమెరా చేతికిచ్చాడు. మాస్టారు గుమ్మంలో నిలబడి, కరెంటు తీగ మీది కాకి వైపు తిప్పారు. కాకి కదలకుండానే కూర్చుంది. స్క్రీన్‌లో మాత్రం ఒక్కచోట నిలవలేదు. అంచు దాటి పోవడం, మళ్లీ రావడం.

"వణుకు ఆపే ఆప్షన్ ఉంటుందటగా, అది ఆన్ చేశారాండీ?" అని అడిగారు మాస్టారు.

"ఆన్‌లోనే ఉందండి," అన్నాక గానీ చంద్రశేఖర్ చూపు ఆ చేతి మీద పడలేదు. వెంటనే స్టాండు తెచ్చి బిగించాడు. తిప్పడానికి మాస్టారు పిడి పట్టుకోగానే స్టాండూ వణికింది.

అప్పుడు అరచేయంత ఆకుపచ్చ పెట్టె ఒకటి తీశాడు చంద్రశేఖర్. "ఇది చెట్టుకు కట్టేసి వచ్చేయడమేనండి. ఎదురుగా ఏది కదిలినా అదే తీసుకుంటుంది. మనం అక్కడ ఉండక్కర్లేదు."

మాస్టారు పెద్ద కెమెరాను మెల్లగా బల్ల మీద పెట్టేశారు. "అదే ఇవ్వండి," అన్నారు. బస్సులో ఇంటికి చేరేదాకా ఆ పెట్టెను సంచిలోంచి తియ్యనే లేదు.

అటవీశాఖ వాళ్ల అనుమతి వచ్చాక నాగాయలంకలో పున్నారావు పడవెక్కారు. పున్నారావు పీతలు పట్టుకుని బతికేవాడు. పిల్లి అడుగులు ఎక్కడ పడతాయో అతనికి తెలుసు. చెట్టుకు పెట్టెను కట్టబోతే బెల్టు కొస మాస్టారి వేళ్లకు చిక్కలేదు. నాలుగోసారి జారినప్పుడు ఆనందమ్మ బురదలోకి దిగి తనే బిగించింది.

పదిహేను రోజుల తర్వాత మెమరీ కార్డు తెచ్చి ఇంట్లో కంప్యూటర్లో పెట్టి చూశారు. గాలికి ఊగే కొమ్మలు, పీతలు, ఒక కొంగ. చివరికొచ్చేసరికి, తెల్లవారుజామున, పిల్లి. నీటి అంచున బిగుసుకుని కూర్చుని, ఉన్నట్టుండి దూకి, నోట చేపతో పైకొచ్చింది. దాని వెనక చిన్న పిల్లిపిల్ల ఒకటి. మొత్తం ఇరవై సెకన్లు. బొమ్మ ఎక్కడా వణకలేదు.

"చూశారా! సాధించారండీ!" అంది ఆనందమ్మ.

మాస్టారు కళ్లజోడు తీసేశారు. "నేనేం సాధించానే? అది వచ్చినప్పుడు నేను ఇక్కడ మంచం మీద ఉన్నాను. చెట్టు తీసింది, నేను కాదు." ఆయన ఏడుస్తుంటే ఆనందమ్మ పక్కన కూర్చుని, వణికే ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

మర్నాడు ఆయనే ఆ ఇరవై సెకన్లు పాత విద్యార్థులకు పంపారు. ఫోన్లు వచ్చాయి. అందరితోనూ ఓపిగ్గా మాట్లాడారు.

చలికాలానికి కాళ్లు కూడా పట్టు తప్పాయి. కెమెరా బ్యాటరీలు మార్చే రోజు రేవు దాకా వచ్చారు గానీ పడవలోకి అడుగు వెయ్యలేకపోయారు.

"ఇక్కడే కూర్చోండి మాస్టారూ, అమ్మగారిని నేను జాగ్రత్తగా తీసుకొస్తాను," అన్నాడు పున్నారావు.

"పిల్లిపిల్ల అడుగులు కనబడితే ఎంతున్నాయో చూడు, ఆనందం. పెరిగిందో లేదో తెలుస్తుంది," అన్నారు మాస్టారు.

ఆమె తలూపింది. పడవ పాయ మలుపు తిరిగి కనుమరుగయ్యాక కూడా ఆయన అటే చూస్తూ గట్టు మీద కూర్చున్నారు.