అతుకు దగ్గర కరుగుతుంది

“గోళ్ళకి రంగెందుకమ్మా ఈ వయసులో?” అంది అత్తగారు, గిన్నెలు తోముతున్న కోడలి వేళ్ళ వంక చూస్తూ.

రంగు గోళ్ళ మీద లేదు. వేళ్ళ చివర ఎర్రగా గట్టిపడి ఉంది. ఆమె పనిచేసే ల్యాబులో రెండు గాజు పలకల మధ్య నీటిచుక్క పెట్టి, అది ఆరిపోకుండా అంచుల చుట్టూ నెయిల్ పాలిష్ పూయాలి. అంత పెద్ద చదువుల పనికి అంతకన్నా మంచి బంక ఇంకా పుట్టలేదు. ఈ సంగతి ఇంట్లో పదకొండేళ్ళుగా చెబుతూనే ఉంది. మొగుడు మాత్రం ప్రతిసారీ కొత్తగా వింటాడు. “నీళ్ళలో పూసలు చూడ్డానికి సోకులు కూడానా?” అని నవ్వి, తాగిన కప్పు తెచ్చి ఆమె తోమి బోర్లించిన గిన్నెల మీద పెట్టి వెళ్ళాడు.

పూసలే. వెంట్రుక మందాన వంద పట్టేంత చిన్నవి, మెత్తటివి. గట్టి పదార్థం కరిగేటప్పుడు లోపల అణువుల తంతు మామూలు మైక్రోస్కోపుకు ఆనదు. అందుకని అణువులకు బదులు ఈ పూసల్ని పెట్టుకుని చూడడం. నీళ్ళలో ఇరుకైతే అవి వాటంతటవే వరుసలు కడతాయి. కాస్త వెచ్చబెడితే చిక్కిపోయి, వదులై, వరుస చెదిరి కరుగుతాయి. ఒకరు తోసేదీ లేదు, లాగేదీ లేదు. వరుస కడితే ప్రతి పూసకూ మెసలడానికి చోటు కాస్త ఎక్కువ దొరుకుతుంది, అదే కిటుకు. ఇది అర్థమైన రోజు బస్సులో ఆమెకు నవ్వొచ్చింది. ఇంట్లోనూ ఇరుకే. “సర్దుకోవాలమ్మా” అని అందరూ చెప్పేవాళ్ళే. పూసలన్నీ సర్దుకుంటాయి కాబట్టి అన్నిటికీ చోటొస్తుంది. ఇంట్లో సర్దుకునేది ఒక్కతే, కాళ్ళు చాపుకునేది మిగతావాళ్ళు.

ఈ పూసల్లో కరగడం నడిమధ్య కాదు, వరుసలు కట్టిన రెండు గుంపులు కలిసే అతుకు దగ్గర మొదలవుతుందని ల్యాబులో మొదట చూసింది ఆమే. “నువ్వు స్లైడు సరిగ్గా మూసుండవు, పూత కారి, నీళ్ళు కదిలి వరుస చెదిరుంటుంది” అన్నాడు ప్రొఫెసరు. నలభై స్లైడ్లు మళ్ళీ చేసింది. నలభైలోనూ అతుకే. అప్పట్నుంచీ ఆయన “మనం కనిపెట్టింది” అనడం మొదలుపెట్టాడు. తప్పయితే నీది, ఒప్పయితే మనది. ఈ వ్యాకరణం ఆమెకు పుట్టింట్లోనే వంటబట్టింది.

తీరా వ్యాసం రాసేసరికి పైన మూడు పేర్లున్నాయి, ఆమెది లేదు. చివర కృతజ్ఞతల్లో, మైక్రోస్కోపు బాగుచేసినతని పక్కన ఉంది. “పేర్లు ఎక్కువైతే పలచబడుతుందమ్మా. మన మనిషివి, నీకు వేరే చెప్పాలా?” అన్నాడాయన. మన మనిషి. ఇంట్లోనూ అంతే, మన మనిషికే చివర్లో వడ్డిస్తారు.

వ్యాసం పంపిన పత్రికవాళ్ళు ఒక ప్రశ్న అడిగారు: అది పూత కారడం వల్ల కాదని ఎలా చెప్పగలరు? జవాబుకు గడువు ఈ రోజు సాయంత్రం ఐదు. పేర్లున్న ముగ్గురిలో ఏనాడూ ఒక్క స్లైడు మూసినవాళ్ళు లేరు. జవాబు ఆమె దగ్గరుంది. వెచ్చబెట్టే ప్రతి స్లైడు పక్కనా, అదే పూతతో మూసి, వెచ్చబెట్టని జత స్లైడు ఒకటి పెట్టేది, ఎవరూ చెప్పకుండానే. పూత కారితే రెండూ కరగాలి. జత స్లైడు ఒక్కటీ చెక్కుచెదరలేదు.

రెండు పేజీలు టైపు చేసి, నాలుగున్నరకు ప్రొఫెసరు గదిలోకి వెళ్ళింది.

“రాశావా? నాకు మెయిల్ చెయ్యి, మా ముగ్గురి తరఫున పంపేస్తాను.”

“రాశానండీ. పేరు పెట్టాక పంపుతాను.”

“ఎవరి పేరు?”

“మొదట చూసినదాని పేరు. పైన, మీ మూడిటితో పాటు.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఇప్పుడా అమ్మా ఈ పేచీ? ముందిది కానీ. తర్వాత చూద్దాం.”

“తర్వాతలు చాలా చూశానండీ.”

ఆమె గొంతులో కోపం లేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. ఆయన గడియారం వంక చూశాడు. ఆ గదిలో పదకొండేళ్ళుగా నిలబడే మాట్లాడిన మనిషి, కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఐదుదాకా ఇక్కడే ఉంటాను లెండి” అంది.