కోళ్ళ పిలుపు

ఎల్మాస్ మనసు వెన్న, కాదన్నవాళ్ళ కళ్ళు పోతాయి. ముందుచూపే బొత్తిగా తక్కువ. లేకపోతే నేల ఉడుత పిల్లల్ని ఎవరైనా కోళ్ళను పిలిచినట్టు పిలుస్తారా?

ఆమె మొగుడు దుర్ముష్ బీడు దున్నుతుంటే నాగలికి బొరియ తెగింది. తల్లి చచ్చిపోయింది. కళ్ళు తెరవని పిల్లలు మూడు మట్టిలో మిగిలాయి. మా కొన్యా మైదానంలో నేల ఉడుతంటే గోధుమ దొంగే. బొరియలో నీళ్ళు పోసి, బయటికి రాగానే కొడతారు. ఎల్మాస్ మాత్రం వాటిని ఒళ్ళో వేసుకుని ఇంటికి తెచ్చి, దూదితో మేకపాలు పట్టింది. పాలు పట్టేటప్పుడల్లా "బిలి బిలి బిలి" అనేది. ఊళ్ళో ఆడవాళ్ళం కోళ్ళకి గింజలు వేస్తూ అనేది ఆ మాటే, ఆమె నోటికీ అదే వచ్చింది. అది వినబడితే చాలు, పిల్లలు తోకలెత్తుకుని పరిగెత్తుకొచ్చి ఒళ్ళోకి ఎక్కేసేవి.

"మొగుడు కూడా ఇంత తొందరగా పలకడు కదే నీకు!" అని ఏడిపించేది పక్కింటి నజీఫె.

"ఆయనకి నేను పాలు పట్టలేదుగా అక్కా," అనేది ఎల్మాస్.

ఎండలు ముదిరాయి. చలికాలమంతా అవి నేలలో నిద్రపోవాలి. ఆలోగా సొంత బొరియ చూసుకుని, తిని కొవ్వు పట్టాలి. దుర్ముష్ కంచె గుంజలకి గోతులు తీసే మర పట్టుకెళ్ళి, ఊరి చివర పచ్చికలో, వాటి జాతి ఉన్నచోటే ఏటవాలుగా బొరియలు తవ్వాడు. పిల్లల్ని లోపలికి వదిలి మూతికి ఎండుగడ్డి కూరాడు.

"తోసుకుని బయటికొస్తేనే అది తమ ఇల్లనుకుంటాయి," అన్నాడు.

తెల్లారి చూస్తే గడ్డి బయట పడి ఉంది. మూడూ నిలబడి గింజలు కొరుకుతున్నాయి. ఎల్మాస్ ప్రాణం కుదుటపడి ఇంటికొచ్చింది.

పొద్దు వాలింది. ఊరంతా కోళ్ళను గూళ్ళకి పిలవడం మొదలెట్టింది. ఈ పెరట్లో బిలి బిలి, ఆ పెరట్లో బిలి బిలి. పిచ్చి ముండలు మూడూ పచ్చిక దాటి పరిగెత్తుకొచ్చాయి, నేరుగా నజీఫె పెరట్లోకి. ఆమె కుక్క ఒకదాన్ని నోట కరుచుకుంది.

మిగిలిన రెంటినీ నజీఫె ఒళ్ళో కట్టుకుని తెచ్చింది.

"నా కోళ్ళనే పిలిచానే, ఒట్టు."

"నీ తప్పేముంది అక్కా. నా నోరు పడిపోను, నేర్పింది నేనే."

"పోనీ, అందరం పిలుపు మార్చుకుందామా?" అంది నజీఫె. అని తనే తల కొట్టుకుంది. "కోళ్ళకెవరు చెప్తారే తల్లీ!"

నేర్పిన నోరే మాన్పించాలి. మర్నాడు ఎల్మాస్ బావినీళ్ళు రెండు బిందెలు పట్టుకుని పచ్చికలోకి వెళ్ళింది. నజీఫె తోడొచ్చింది. రాయి విసరడానికి చెయ్యి రాక నీళ్ళు తెచ్చుకుంది ఎల్మాస్. రెంటినీ మళ్ళీ బొరియల్లో వదిలి, వాటి ముందు కూర్చుని, పాలు పట్టేనాటి గొంతుతోనే "బిలి బిలి బిలి" అంది. రెండూ పరిగెత్తుకొచ్చాయి. చెంబెడు నీళ్ళు మొహాన కొట్టింది. తుళ్ళిపడి పారిపోయాయి.

మళ్ళీ పిలిచింది. ఓరి దేవుడా, మళ్ళీ వచ్చాయి! తడిసి ముద్దయి, ఒణుకుతూ, ఆమె మోకాలి మీద చేతులు వేసి మొహంలోకి చూశాయి.

"నావల్ల కాదక్కా."

"కొట్టవే! నువ్వు కొట్టకపోతే నా కుక్క కొడుతుంది."

ఎల్మాస్ కళ్ళు మూసుకుని కొట్టింది. పిలవడం, కొట్టడం. ఒక బిందె అయిపోయింది. కాసేపటికి చిన్నది రావడం మానేసింది. రెండో బిందె సగమయ్యేసరికి పెద్దదీ మానేసింది.

ఆఖరుసారి పిలిచింది. రెండూ బొరియల దగ్గర నిటారుగా లేచి, ఆమెనే చూస్తూ కీచుమని ఈల వేశాయి. గద్ద కనబడితే వేసే ఈల అది. చుట్టుపక్కల నేల ఉడుతలన్నీ ఆ ఈల విని గబగబా బొరియల్లో దూరాయి. ఇవీ దూరాయి.

"బతికిపోయాయే!" అంది నజీఫె.

ఎల్మాస్ తలూపింది. చెంబు పక్కన పెట్టి, తడిసిన ఒళ్ళో మొహం దాచుకుని ఏడ్చింది.